ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాది: ప్రాక్టీసా, జడ్జి పరీక్షా, ఉద్యోగమా? ఇప్పట్నుంచే ఏం సర్దుకోవాలి?

చివరిసెమ్

సీనియర్లందరికీ నమస్కారం. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఐదో సెమిస్టర్. క్లాసులో ఎవరిని అడిగినా తలోమాట చెబుతున్నారు. ఒకరు జూనియర్ సివిల్ జడ్జి అంటారు, ఒకరు బ్యాంకు లా ఆఫీసర్ అంటారు. ఎక్కువమంది మాత్రం "ఏదో కంపెనీ లీగల్ విభాగంలో చేరదాం, జీతం వస్తూ ఉంటుంది, సాయంత్రాలు జడ్జి పరీక్షకు చదువుదాం" అంటున్నారు.

అడగాలనుకున్నవి ఇవీ: ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో అడ్వొకేటుగా నమోదు), ఏఐబీఈ (ఆలిండియా బార్ పరీక్ష) ఏ వరుసలో చేసుకోవాలి? ఉద్యోగం చేస్తూ జడ్జి పరీక్షకు అర్హత సంపాదించుకోవచ్చా? కింది కోర్టులో సీనియర్ దగ్గర చేరితే మొదటి ఏడాదిలో నిజంగా నేర్చుకోవాల్సిన పని ఏమిటి? ధైర్యవచనాలు వద్దండీ, పని చెప్పండి చాలు.

రికార్డురూమ్

రెండో ప్రశ్నతో మొదలుపెడతా. మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

మీ క్లాసువాళ్ల ప్లాను ఇప్పుడు నడవదు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ కేసులో తీర్పిస్తూ, సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను మళ్లీ తెచ్చింది. ఆ మూడేళ్లను ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (ఏఐబీఈ పాసవకముందు ఇచ్చే తాత్కాలిక నమోదు) తేదీ నుంచి లెక్కిస్తారు. ఏఐబీఈ పాసైన తేదీ నుంచి కాదు. కాబట్టి రిజల్ట్ వచ్చాక ఎన్‌రోల్‌మెంట్‌కి ఆర్నెల్లు బద్ధకిస్తే ఆర్నెల్ల అర్హత పోయినట్టే.

బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వది చూడండి. అడ్వొకేటుగా ఉంటూ పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగం చేయకూడదు. చేరితే బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీసు సస్పెండ్ చేయించుకోవాలి. ఆ కాలం మూడేళ్లలోకి రాదు. చెప్పకుండా రెండు పడవల మీద కాళ్లు పెడితే పరీక్ష పాసయ్యాక సర్టిఫికెట్ల పరిశీలనలో బయటపడుతుంది. అప్పుడు చేసేదేమీ ఉండదు.

జడ్జి దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం మాత్రం లెక్కలోకి వస్తుందని అదే తీర్పు చెప్పింది. జీతమూ కావాలి, అర్హతా కావాలి అనేవాళ్లు హైకోర్టు, సుప్రీంకోర్టు లా క్లర్కు నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచాలి.

అనుభవానికి రుజువుగా ఆ కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. లేదా కనీసం పదేళ్ల స్టాండింగ్ ఉన్న అడ్వొకేటు ఇస్తే దానిమీద ఆ ఆఫీసరు ఎండార్స్ చేయాలి. మూడేళ్ల తర్వాత ఒక్కసారిగా వెళ్లి అడిగితే మీ మొహం ఎవరికి గుర్తుంటుంది? మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కులో తేదీ, కోర్టు, కేసు నంబరు, ఆరోజు మీరు చేసిన పని రాసుకోండి. వకాల్తాలో సీనియర్ పేరు కింద మీ పేరూ ఎన్‌రోల్‌మెంట్ నంబరూ ఉండేలా చూసుకోండి.

నల్లకోటు

ఎన్‌రోల్‌మెంట్ సంగతి నేను చెబుతా.

అడ్వొకేట్స్ యాక్ట్ 24వ సెక్షన్ ప్రకారం ఫీజు మొత్తం 750 రూపాయలు: రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి 150. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 125. స్టాంపు డ్యూటీ వేరు. ఇంతకు మించి రకరకాల పేర్లతో వేలల్లో వసూలు చేయకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో తేల్చింది.

డబ్బు కంటే పేరు దగ్గరే ఎక్కువ అప్లికేషన్లు ఆగుతాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, డిగ్రీలో పూర్తిగా, ఆధార్‌లో పేరు తర్వాత. తండ్రి పేరులో ఒకచోట ఒక అక్షరం ఎక్కువ. మీ సర్టిఫికెట్లన్నీ ఈ వారమే టేబుల్ మీద పరిచి చూసుకోండి. తేడా ఉంటే యూనివర్సిటీ నుంచి ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చేలోపే సరిచేయించుకోవాలి, లేదా అఫిడవిట్ సిద్ధం చేసుకోవాలి. ఇంకో చిక్కు: ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ చేసి లా చదివినవాళ్లకు 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ అడ్డొస్తాయి. క్లాసులో అలాంటివాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే తెలుసుకోమనండి.

ఏఐబీఈ గురించి భయం అక్కర్లేదు, అలాగని నిర్లక్ష్యమూ పనికిరాదు. 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే పాస్. సిలబస్‌లో 19 సబ్జెక్టులున్నా బరువంతా కొన్నిట్లోనే ఉంటుంది. రాజ్యాంగం 10, సీపీసీ (సివిల్ ప్రొసీజర్) 10, క్రిమినల్ ప్రొసీజర్ 10, శిక్షాస్మృతి 8, సాక్ష్యం 8, ఫ్యామిలీ లా 8, కాంట్రాక్టు-ప్రాపర్టీ-ఎన్‌ఐ యాక్ట్ (చెక్కుల చట్టం) కలిపి 8. ఈ ఏడూ కలిస్తే 62. ఇవి గట్టిగా చదివితే మిగతావి చూడకపోయినా గట్టెక్కొచ్చు.

బేర్ యాక్టులు (చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లనిస్తారు, కానీ నోట్సు, కామెంటరీ ఉండకూడదు. పెన్సిల్‌తో పక్కన రాసుకున్న పుస్తకం పట్టుకెళ్తే హాలు గేటు దగ్గరే తీసి పక్కన పెట్టమంటారు. పరీక్ష కోసం ఒక శుభ్రమైన సెట్ వేరుగా ఉంచుకోండి.

చివరిసెమ్

రికార్డురూమ్ గారూ, నల్లకోటు గారూ, చాలా థ్యాంక్సండీ. కంపెనీ ప్లాను గురించి క్లాసు గ్రూపులో పెడితే సగం మంది నిశ్శబ్దమైపోయారు. ఇంకొక్కటి: ఇంటర్న్‌షిప్ వారాలు మూడేళ్లలో కలుస్తాయా?

రికార్డురూమ్

కలవవు. ఎన్‌రోల్ కాకముందు చేసినదేదీ ప్రాక్టీసు కాదు. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ అనేది డిగ్రీకి కావాల్సింది, అంతే. ఒకే ఏడాదిలో వరసగా నాలుగు వారాలు దాటకూడదు. ట్రయల్ కోర్టు అడ్వొకేటు దగ్గరా, అప్పీలు కోర్టు అడ్వొకేటు దగ్గరా ఒక్కసారైనా చేసి ఉండాలి. ఆ డైరీని కాలేజీ కోసం చివరి రోజున అల్లేవాళ్లు ఎక్కువమంది. అది వేరే బాధ.

ఈపీ_పెండింగ్

మూడో ప్రశ్న నాకు ఇష్టమైనది, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటి నెల వాదించాలని ఉబలాటపడొద్దు. ఫైలు చదవడం నేర్చుకోండి. ప్రతి కేసుకీ సీఎన్‌ఆర్ నంబరుంటుంది, 16 అక్షరాలు, అంకెలు కలిపి. దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తొలి వాయిదా నుంచి నేటిదాకా ఏం జరిగిందో కనిపిస్తుంది. రేపటి కాజ్‌లిస్ట్‌లో (ఆరోజు కేసుల జాబితా) సీనియర్ కేసులన్నీ రాత్రే చూసి, ఒక్కో కేసు ఏ దశలో ఉందో ఒక్క లైనులో రాయండి: "జవాబు దాఖలుకు", "పీడబ్ల్యూ-1 క్రాస్" (వాది తరఫు మొదటి సాక్షికి ఎదురు ప్రశ్నలు), "ఐఏలో వాదనలు" (మధ్యంతర దరఖాస్తు మీద). పొద్దున్నే ఆ కాగితం సీనియర్ చేతిలో పెట్టే జూనియర్‌ని ఏ సీనియరూ వదులుకోడు.

ఆ తర్వాత ఫైలింగ్. దావా ముసాయిదా ఎంత బాగా రాసినా కోర్టు ఫైలింగ్ సెక్షన్ నుంచి రిటర్న్ అయి రావడానికి కారణాలు తెలివికి సంబంధించినవి కావు. దావా విలువ పేరాకీ కట్టిన కోర్టు ఫీజుకీ పొంతన ఉండదు. కాజ్ ఆఫ్ యాక్షన్ (దావా వేసే హక్కు పుట్టిన కారణం) పేరాలో తేదీ ఉండదు. వెరిఫికేషన్‌లో ఏ పేరాలు స్వయంగా తెలిసినవో, ఏవి ఇతరుల ద్వారా తెలిసినవో విడదీయరు. షెడ్యూల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి కానీ నాలుగు హద్దుల్లో ఒకటి ఎగిరిపోతుంది, లేదా సేల్ డీడ్‌లో పడమర ఉన్నది ఇక్కడ తూర్పుకొస్తుంది. హద్దు తప్పితే ఇవాళ రిటర్న్‌తో పోతుంది. ఎవరూ గమనించకపోతే పదేళ్ల తర్వాత డిక్రీ అమలు చేయడానికి కోర్టు అమీన్ పొలం దగ్గరికెళ్లినప్పుడు అసలు తంటా మొదలవుతుంది. షెడ్యూల్‌ని సేల్ డీడ్ పక్కన పెట్టుకుని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి. ఒక్కరే చేస్తే కన్ను జారుతుంది.

రిటర్న్ వచ్చినప్పుడు ఆబ్జెక్షన్ కింద ఇచ్చిన గడువు చూసుకుని ఆలోపే మళ్లీ దాఖలు చేయాలి. దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, ఇంకో అఫిడవిట్.

మూడోది, గడువులు. ఇవి కంఠతా ఉండాలి. సమన్లు అందాక జవాబు దావాకు 30 రోజులు, కోర్టు అనుమతితో 90 దాకా. కమర్షియల్ దావాలో 120 రోజులు దాటితే హక్కే పోతుంది. ఎక్స్‌పార్టీ (ప్రతివాది రాకుండా ఇచ్చిన) డిక్రీ కొట్టేయించుకోవడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజులు, సమన్లు సరిగా అందకపోతే తెలిసిన రోజు నుంచి. డిక్రీ మీద జిల్లా కోర్టుకు అప్పీలుకు 30, హైకోర్టుకు 90. కేవియెట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసేది) 90 రోజులే బతుకుతుంది.

తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టండి. కాపీ తయారీకి పట్టిన రోజులు లిమిటేషన్ యాక్ట్ 12వ సెక్షన్ కింద అప్పీలు గడువులోంచి తీసేస్తారు. మీరు అప్లై చేయకుండా కూర్చున్న రోజుల్ని తీయరు. క్లయింటు "అప్పీలు సంగతి తర్వాత చూద్దాం" అన్నా సరే, కాపీ పెట్టేయాలి.

ఇక ఈపీలు, అంటే డిక్రీ అమలు పిటిషన్లు. కుర్రవాళ్లు వీటివైపు చూడరు గానీ, పని దొరికేది ఇక్కడే. డిక్రీ అమలుకు 12 ఏళ్లు, మాండేటరీ ఇంజంక్షన్ (ఫలానా పని చేయాలనే ఆదేశం) డిక్రీకి మాత్రం మూడేళ్లే. డిక్రీ వచ్చి రెండేళ్లు దాటితే సీపీసీ ఆర్డర్ 21 రూల్ 22 నోటీసు పంపాలి. ఆర్డర్ 21 ఒక్కటి ఓపిగ్గా చదివినవాడికి మూడో ఏడాదికల్లా సొంత కేసులు రావడం మొదలవుతుంది.

చెక్కుకేసు

ఈపీ గారు చెప్పినదానికి చెక్కు కేసులు కలుపుతా. జూనియర్ చేతికి మొదట వచ్చే సొంత పని సాధారణంగా ఇదే. ఎన్‌ఐ యాక్ట్ 138వ సెక్షన్ కింద, చెక్కు చెల్లలేదని బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజులు ఆగాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఫిర్యాదు.

నోటీసులో చెక్కు మొత్తం ఎంతో అంతే అడగండి. వడ్డీ, నోటీసు ఖర్చు కలిపి ఒకే అంకె రాస్తే నోటీసే చెల్లదనే వాదన వస్తుంది. అవి కావాలంటే వేరే వాక్యంలో, వేరే అంకెగా.

నల్లకోటు

చివరిది 30 రోజులు కాదండీ, "ఒక నెల". 142వ సెక్షన్ చూడండి. తేడా ఒక రోజే కావచ్చు, కేసు పోవడానికి అది చాలు.

ఉదాహరణకి మెమో మార్చి 5న అందింది. ఆ రోజు వదిలేసి లెక్కిస్తే నోటీసు ఏప్రిల్ 4లోగా పంపాలి. అవతలివాడికి ఏప్రిల్ 10న అందింది. 15 రోజులు ఏప్రిల్ 25తో అయిపోతాయి. కాజ్ ఆఫ్ యాక్షన్ 26న పుడుతుంది. ఫిర్యాదు మే 26 దాకా వేయొచ్చు. ఏప్రిల్ 25నే వేస్తే తొందరపడి వేసిన ఫిర్యాదు అవుతుంది, నిలవదు.

పోస్టల్ ట్రాకింగ్ పేజీని అందిన రోజే ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. కొన్నాళ్లకు ఆ రికార్డు ఆన్‌లైన్‌లో దొరకదు. ఆ ప్రింటు సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్ కూడా కావాలి. ఇంకోటి, ఫిర్యాదు వేయాల్సింది క్లయింటుకు ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడ. 2015 సవరణ తర్వాత ఇదే పద్ధతి.

చెక్కుకేసు

ఒప్పుకుంటున్నా, నెలే. సవరించి చదువుకోండి.

ముద్దాయితరఫు

క్రిమినల్ వైపు వద్దామనుకునేవాళ్లకు. 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్ (శిక్షాస్మృతి), బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ ప్రొసీజర్), బీఎస్‌ఏ (సాక్ష్యం) అమల్లోకొచ్చాయి, పాతవి పోయాయి అనుకుంటే పొరపాటు. నేరం జరిగిన తేదీ జూలై 1కి ముందైతే శిక్షాస్మృతి పాతదే. అప్పటికే పెండింగ్‌లో ఉన్న విచారణలు పాత ప్రొసీజర్ కిందే నడుస్తాయి. ఇంకా చాలా ఏళ్లు రెండు బేర్ యాక్టులూ సంచిలో ఉండాల్సిందే.

నంబర్లు నాలుక తిరగనివ్వవు. పాత ప్రొసీజర్‌లో 482 అంటే ఇన్నాళ్లూ హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టేయమనే) పిటిషన్. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్ 528కి వెళ్లింది. పాత 438 ఇప్పుడు 482, మామూలు బెయిలుకు పాత 439 ఇప్పుడు 483, పాత 437 ఇప్పుడు 480. ముద్దాయి రాలేదని వేసే పాత 317 పిటిషన్ ఇప్పుడు 355. కాపీ పేస్టు చేసిన పిటిషన్‌లో హెడ్డింగ్ కొత్తది, ప్రేయర్ (కోర్టును కోరేది) పాతది ఉండిపోవడం రోజూ కనిపించే తప్పు. ప్రేయర్‌ని చివర్లో కాదు, మొదట టైపు చేసుకోండి.

రిమాండ్ కేసు చేతికొస్తే ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో మొదటి రిమాండ్ తేదీ రాయండి. ఆ రోజును కూడా కలుపుకుని నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజులు. అప్పటికి చార్జిషీటు పడకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 187(3) కింద బెయిలు హక్కు. కానీ పిటిషన్ వేయకుండా ఒక్కరోజు ఆలస్యం చేసి, ఈలోపు చార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది.

అనుభవం త్వరగా కావాలంటే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ చూడండి. అందులో అసిస్టెంట్ స్థాయి పోస్టులు మూడేళ్లలోపు ప్రాక్టీసున్నవాళ్లకే. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నోటిఫికేషన్ ఇస్తుంది, కాంట్రాక్టు పద్ధతి. సాక్షిని క్రాస్ చేసే అవకాశం అంత త్వరగా ఇంకెక్కడా రాదు.

ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టులు పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు, ఒక పేపరు ఆబ్జెక్టివ్, ఇంకోటి రాతపూర్వకం. ఆబ్జెక్టివ్‌కి బట్టీపట్టి, రాసే చేయి లేక రెండో పేపర్లో పోయేవాళ్లే ఎక్కువ.

లింక్‌డాక్యుమెంట్

బ్యాంకు సంగతి. ఐబీపీఎస్ (బ్యాంకు నియామక సంస్థ) లా ఆఫీసర్ స్కేల్-1కి ఎల్‌ఎల్‌బీతో పాటు బార్ కౌన్సిల్‌లో అడ్వొకేటుగా ఎన్‌రోల్ అయి ఉండాలి, వయసు 20 నుంచి 30. కాబట్టి ఉద్యోగానికే వెళ్లేవాళ్లకూ ఎన్‌రోల్‌మెంట్ తప్పదు. ఎంపికైతే ప్రాక్టీసు సస్పెండ్ చేసుకోవాలి.

ఉద్యోగం వద్దు, బ్యాంకు పని కావాలంటే టైటిల్ (ఆస్తి మీద హక్కు) పరిశీలన నేర్చుకోండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే చూసి "టైటిల్ క్లియర్" అని రాసేవాళ్ల ఒపీనియన్ ఎందుకూ పనికిరాదు. రిజిస్టర్ కానిది ఈసీలో కనబడదు: వీలునామా, నోటిమాట పంపకం, పెండింగ్ దావా. ఈసీతో పాటు లింకు డాక్యుమెంట్లు (పాత హక్కు పత్రాలు), పహాణీ లేదా అడంగల్, 1-బీ లాంటి రెవెన్యూ రికార్డులు, రిజిస్ట్రేషన్ యాక్ట్ 22-ఎ నిషేధిత జాబితా చూడాలి. ఆ భూమి ఎప్పుడైనా అసైన్డ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన) భూమేమో కూడా చూడాలి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూముల అమ్మకంపై నిషేధం ఉంది, రిజిస్టర్ అయిన సేల్ డీడ్ ఉన్నంత మాత్రాన కొన్నవాడికి రక్షణ రాదు. వారసుల్లో కూతుళ్ల పేర్లు వదిలేసిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కనిపిస్తే అక్కడ ఆగండి.

క్లాజు_సెవెన్

కంపెనీల వైపు క్లుప్తంగా. లా ఫర్మో, ఇన్‌హౌసో అయితే మార్కుల కంటే రాసిన నమూనా చూస్తారు. ఏదైనా ఒక సర్వీసు ఒప్పందం తీసుకుని టెర్మినేషన్, ఇండెమ్నిటీ, ఆర్బిట్రేషన్ క్లాజులు సొంతంగా తిరగరాసి చూడండి. ఆర్బిట్రేషన్‌లో సీటు (ఏ ఊరి కోర్టుల అజమాయిషీ అనేది) ఒక ఊరు, ఎక్స్‌క్లూజివ్ కోర్టు పరిధి ఇంకో ఊరు అని రాసేస్తారు చాలామంది. రేపు గొడవొస్తే ఏ కోర్టుకెళ్లాలన్నదే మొదటి గొడవ.

ప్రభుత్వరంగ సంస్థలు కొన్ని క్లాట్ పీజీ స్కోరుతో లా ఆఫీసర్లను తీసుకుంటాయి. ఎల్‌ఎల్‌ఎం ఆలోచన లేకపోయినా ఆ పరీక్ష రాసిపెట్టుకోవడంలో నష్టం లేదు.

చివరిసెమ్

ఇన్ని వివరాలు ఒకేచోట దొరుకుతాయనుకోలేదండీ. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివినవాళ్లం జడ్జి పరీక్ష ఇంగ్లీషు పేపరుకు ఎలా తయారవ్వాలి? ఇంకో సందేహం, సీనియర్ జీతం ఇస్తారా? దీని గురించి ఎవరూ మాట్లాడరెందుకో.

రికార్డురూమ్

స్క్రీనింగ్ దాటాక సివిల్, క్రిమినల్, ఇంగ్లీషు పేపర్లుంటాయి. ఇంగ్లీషులో అనువాదం ఉంటుంది, అక్కడ తెలుగు మీడియంవాళ్లకే మొగ్గు. కోర్టుహాల్లో కూర్చుని గమనించండి. సాక్షి తెలుగులో చెబుతాడు, డిపోజిషన్ (వాంగ్మూలం) చాలాచోట్ల ఇంగ్లీషులో టైపవుతుంది. "నేను పొలం గట్టు మీద ఉండగా అతను వచ్చి నన్ను తోశాడు" అన్న వాక్యాన్ని జడ్జిగారు ఎలా డిక్టేట్ చేశారో రాసుకుని, సాయంత్రం ఆ ఇంగ్లీషును మీరు తిరిగి తెలుగులోకి తెచ్చి అసలుతో పోల్చండి. రోజుకు ఒక పేజీ చాలు. సివిల్, క్రిమినల్ పేపర్లకు తీర్పు రాసే అలవాటు కావాలి: ముందు ఇష్యూలు (తేల్చాల్సిన అంశాలు), తర్వాత ఏ ఇష్యూలో రుజువు భారం ఎవరిమీద ఉందో, ఆ తర్వాతే సాక్ష్యం. ఎక్కువమంది నేరుగా కథలోకి దిగిపోతారు.

ఈపీ_పెండింగ్

స్టైపెండ్ సంగతి సూటిగా. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫార్సు మాత్రమే, బలవంతం చేసే వీలు లేదు. చాలా ఆఫీసుల్లో దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. చేరేముందే అడిగేయండి, తప్పేం లేదు: నెలకెంత, ప్రయాణ ఖర్చులెవరివి, సొంత కేసులు తెచ్చుకోవచ్చా? ఈ మూడో ప్రశ్నకు "ఒప్పుకోను" అనే సీనియర్ దగ్గర ఏడాది మించి ఉండడం దండగ.

సీనియర్‌ని ఎంచుకునేటప్పుడు పేరు కంటే ఫైళ్లు చూడండి. సివిల్, క్రిమినల్ రెండూ నడిచే ఆఫీసు, రోజుకు పది పన్నెండు కేసులు పిలుపులోకొచ్చే ఆఫీసు మంచిది. నలభై కేసులుంటే మీరు వాయిదాలు అడగడానికే సరిపోతారు.

నల్లకోటు

ఒకటి మర్చిపోయాం. ఎన్‌రోల్ అయిన ఉత్సాహంలో సోషల్ మీడియాలో "బెయిలు, విడాకులు, చెక్కు కేసులకు సంప్రదించండి" అని ఫోన్ నంబరు పెట్టకండి. అడ్వొకేట్లు ప్రచారం చేసుకోకూడదు, బార్ కౌన్సిల్ 36వ రూల్. ఏఐబీఈ కూడా ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ నుంచి రెండేళ్లలో పాసవ్వాలి. చివరి సెమిస్టర్ వాళ్లనూ రాయనివ్వాలన్న మాట సుప్రీంకోర్టు 2023 తీర్పులో ఉంది కాబట్టి వచ్చే నోటిఫికేషన్‌లో అర్హత పేరా చదివి, వీలుంటే ఆరో సెమ్‌లోనే ఫారం నింపేయండి.

చివరిసెమ్

సరేనండీ. సర్టిఫికెట్లు ఇప్పుడే పరిచి చూశా. పదో తరగతిలో మా నాన్నగారి పేరు చివర "రావు" ఉంది, డిగ్రీలో లేదు. యూనివర్సిటీకి ఏ అప్లికేషన్ పెట్టాలో ఎవరైనా చెబుతారా?

నల్లకోటు

పదో తరగతి మెమోనే ఆధారంగా తీసుకుంటారు కాబట్టి డిగ్రీవైపే సరిచేయించుకోవాలి. ఎగ్జామినేషన్ బ్రాంచిలో పేరు సవరణ ఫారం ఉంటుంది. మెమో కాపీ, నోటరీ అఫిడవిట్, కాలేజీ ప్రిన్సిపల్ ఫార్వర్డింగ్ లెటర్ జతచేయండి. రసీదు నంబరు లేకుండా అక్కణ్నుంచి కదలొద్దు.